రివెట్లు కొట్టిన కిటికీ

లోకేష్‌ను బతికుండగానే పెట్టెలో పెట్టి మూత బిగించింది మీరే. ట్రాకు నడిపే గిరిధర్ గారూ, మీరు. ఆయన పక్కన తెల్ల టోపీలు పెట్టుకొని, కాఫీ తాగుతూ, ఎవరు ఎంత బేగ తిరిగారో గడియారాలు నొక్కి చూసుకునే దొరలూ, మీరు. కారు బరువు తగ్గాలని అద్దాలు పీకించారు. తలుపుల లోపలి అట్టలు పీకించారు. వెనక సీటు, రేడియో, కాళ్ళ కింద పట్టా, అన్నీ పీకించారు. మనిషినొక్కడిని పీకలేకపోయారు. వాణ్ణి లోపలే ఉంచి బయటినుంచి రివెట్లు కొట్టించారు. అడిగితే ఏమంటారు? ఎవరూ చావలేదు కదా అంటారు. నిజమే, చావలేదు. శవం లేస్తే తప్ప తప్పు కనపడని కళ్ళు మీవి. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పాల్సి వస్తోంది.

పెనుకొండ దాటి హిందూపురం వైపు పోతుంటే ఎడమ పక్క, ఒకప్పుడు వేరుశనగ వేసిన నేలలో, ఇప్పుడు నల్ల తారు మెలికలు తిరిగి ఉంటుంది. అది రోడ్డు కాదు. ఏ ఊరికీ పోదు. బయలుదేరిన చోటికే వస్తుంది. ఆదివారం ఆదివారం బెంగళూరు నుంచి కలిగినవాళ్ళు వచ్చి దాని మీద కార్లు తిప్పుకొని పోతారు. ట్రాకు గిరిధర్‌ది. ఆ తారు మీద తిరగడానికే తయారు చేసిన కార్లు ఐదు ఆయన షెడ్డులో ఉంటాయి.

లోకేష్ ఆ షెడ్డులో డ్రైవరు. కనగానపల్లిలో పుట్టాడు, ధర్మవరంలో పిల్లను చేసుకున్నాడు. దొరలు రాకముందే కారు బయటికి తీసి, టైర్లు వేడెక్కేదాకా తిప్పి, బ్రేకులు పడుతున్నాయో లేదో చూసి, తుడిచి నిలబెట్టడం అతని పని. ఆ తర్వాత దొర ఎక్కుతాడు. ఫోటోలో దొర ఉంటాడు. ఏదో ఒకరోజు నిన్ను పోటీలో దింపుతానని గిరిధర్ ఏటా చెబుతూనే ఉన్నాడు. లోకేష్ ఏటా నమ్ముతూనే ఉన్నాడు. పెనుకొండలో ఒక గది అద్దెకు తీసుకొని ఉండేవాడు. భార్య సుధ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. సోమవారం ట్రాకుకు సెలవు కాబట్టి ఆదివారం సాయంత్రం రైలెక్కి ఆమె దగ్గరికి పోయి, మంగళవారం పొద్దున తిరిగి వచ్చేవాడు. అంతవరకు బాగానే గడిచింది.

అద్దాలు మార్చాలన్న ఆలోచన బెంగళూరు దొర ఎవరో ఇచ్చాడు. అద్దం బరువు. పగిలితే మొహం మీదికి ఎగురుతుంది. దాని బదులు గట్టి ప్లాస్టిక్ షీటు వేస్తే బరువులో సగం కూడా ఉండదు, రాయి తగిలినా పగలదు. ఆ మాటలో తప్పు లేదు. పెద్ద పెద్ద పోటీల కార్లకు అదే వేస్తారు. కానీ వాళ్ళు డ్రైవరు పక్క కిటికీకి ప్లాస్టిక్ వేయరు, వల కడతారు. మిగతా వాటికి లాగితే ఊడొచ్చే పిన్నులు పెడతారు. ఎందుకంటే పగలనిది బయటినుంచి కూడా పగలదు. ఇది తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవాల్సిన పని లేదు. ఎవరైనా ఒకసారి లోపల కూర్చొని, తలుపు రాకపోతే ఎట్లా అని అనుకుంటే చాలు. ఐదు కార్లు తయారయ్యేదాకా ఆ ఒక్క ఆలోచన ఎవరికీ రాలేదు.

పని హిందూపురంలో ఇస్సాకుకు ఇచ్చారు. లారీలకు, బస్సులకు అద్దాలు వేసే మనిషి ఇస్సాకు. మన సీమలో లారీ అద్దం బాగా వేశాడు అనాలంటే రెండే గుర్తులు. గడగడ అనకూడదు, దుమ్ము లోపలికి రాకూడదు. ఎండాకాలం గాలి లేచిందంటే ఇక్కడి ఎర్రదుమ్ము అన్నం ముద్దలోకి కూడా వస్తుంది. దాన్ని ఆపినవాడే పనివాడు. ఇస్సాకు ముందు అద్దంతో సహా అన్నిటి చోటా ప్లాస్టిక్ షీటును అచ్చుకు కోసి, చుట్టూ జానెడుకు రెండేసి రివెట్లు కొట్టి, సందులో సిలికాన్ జిగురు నింపాడు. ఆరినాక టైర్లకు గాలి పట్టే మిషన్ గొట్టంతో ఎర్రమట్టి ఊది చూపించాడు. రేణువు కూడా పోలేదు. గిరిధర్ భుజం తట్టాడు. లోకేష్ కూడా భేష్ అన్నాడు. వాళ్ళకు దుమ్ము గురించి తెలుసు. దుమ్ము రాకుండా మూసిన చోటినుంచి మనిషి ఎట్లా వస్తాడో అడగడం ట్రాకు యజమాని పని. అందుకే యజమాని అంటారు.

ట్రాకు మలుపుల దగ్గర జెండాలు పట్టుకొని నిలబడేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ రైతులు. కారు బోల్తాపడితే మొదట ఉరికేది వాళ్ళే. వాళ్ళకొక రోజు శిక్షణ ఇచ్చారు. పాత సామాన్ల కొట్టునుంచి తుక్కు కారు తెచ్చి, ఎర్ర సుత్తులు పంచి, కిటికీ మూల మీద కొట్టమన్నారు. అద్దం గలగలా రాలింది. అందరూ చప్పట్లు కొట్టారు. తలా ఒక సుత్తి నడుముకు కట్టుకొని ఇంటికి పోయారు. తుక్కు కారుకు అద్దాలున్నాయి. ట్రాకు కార్లకు లేవు. ఆ సంగతి ఎవరూ వాళ్ళకు చెప్పలేదు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున, దొరలు ఇంకా టిఫిన్ల దగ్గర ఉండగా, లోకేష్ నీలం కారు తిప్పుతున్నాడు. మూడో మలుపులో బ్రేకు కిందికి దిగబడింది. కారు తారు దిగి, మట్టి కట్ట ఎక్కి, పల్టీ కొట్టి ఎడమ పక్కకు పడింది. లోకేష్‌కు దెబ్బ తగల్లేదు. బెల్టులు పట్టుకున్నాయి. ఒళ్ళు బాగానే ఉందనుకున్నాడు. తర్వాత కాళ్ళ దగ్గర వైర్ల నుంచి పొగ లేచింది.

మొదట వచ్చింది నారాయణ. ట్రాకు పక్కనే ఇంకా మూడెకరాల చేను మిగిలిన రైతు. లోకేష్‌ను అల్లుడా అని పిలుస్తాడు, చుట్టరికమేమీ లేదు, అభిమానం. పైకి లేచి ఉన్న కుడి తలుపు లాగాడు, చట్రం వంగి ఇరుక్కుపోయింది. సుత్తి తీసి నేర్పినట్టే కిటికీ మూల మీద కొట్టాడు. సుత్తి ఎగిరి వచ్చింది. మళ్ళీ కొట్టాడు. కిటికీ డప్పులా అదిరి మళ్ళీ చదునైంది. రెండు చేతులతో కొట్టాడు.

లోపల లోకేష్‌కు అంతా కనిపిస్తూనే ఉంది. తర్వాత సుధకు అతను చెప్పింది ఆ ఒక్క సంగతే. అంతా స్పష్టంగా కనిపించిందట. నారాయణ గడ్డం మీది చెమట, ఆయన వెనక ఆకాశం, ఉరికొస్తున్న ఇంకో ఇద్దరు, ఒకడి చెప్పు ఊడిపోవడం. జానెడు దూరంలో మనుషులు. వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. తను అరుస్తున్నాడు, వాళ్ళకు వినిపించడం లేదు. వైర్ల మంటను కుడిచేత్తో అదిమాడు. చెయ్యి కాలింది.

నారాయణ చేనికి ఉరికి ట్రాక్టరు తెచ్చాడు. కొక్కెం తగిలించి తలుపు పీకాడు. అప్పటికి లోకేష్ స్పృహలో లేడు.

ధర్మవరం ఆసుపత్రిలో చెయ్యి కుదిరింది గానీ నాలుగు వేళ్ళు ముడుచుకోవు. గిరిధర్ పండ్లు పంపించాడు. దేవుడు చల్లగా చూశాడన్నాడు. కొత్త తలుపు తెప్పించి, నీలం కారుకు రంగు వేయించి, కిటికీకి మళ్ళీ అదే షీటు, అవే రివెట్లు కొట్టించాడు.

ఇంటికి వచ్చాక అసలు బాధ మొదలైంది. నేతగాళ్ళ ఇంట్లో కిటికీలు తెరవరు. గాలి తగిలితే పట్టు ఎండి పోగులు తెగుతాయి. పడుగు మగ్గం మీద ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఆ చెమ్మ, ఆ మూసిన గది వాసన ఉండాల్సిందే. మగ్గం ఉన్న గదిలోనే వంట, అక్కడే పడక. లోకేష్ పెళ్ళైనప్పటినుంచి ఆ ఇంట్లో హాయిగా నిద్రపోయిన మనిషే. ఇప్పుడు తలుపు దగ్గరికి వేయగానే లేచి కిటికీ తెరిచేవాడు. సుధ నేస్తూనే ఉండేది. కాసేపటికి పోగు తెగేది. ముడేసుకొనేది. ఇంకోటి తెగేది. మూడో రోజు ఆమె మగ్గం గుంటలోంచి లేవకుండానే అడిగింది.

"ఎన్నాళ్ళిట్ల?"

"నేను బయట పండుకుంటాలే."

"బయటంటే వీధిలోనా? జనం ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. నువ్వు కిటికీ మూసుకో. పట్టు పాడైతాది."

నాలుగు రోజులు వీధి అరుగు మీద పడుకున్నాడు. మూసిన కిటికీ వెనకాల మగ్గం చప్పుడు వినపడేది. ఆమె అక్కడే ఉంది, గోడకు అటు పక్క. ఇతను ఇటు పక్క. ఐదో రోజు పెనుకొండ గదికి వెళ్ళిపోయాడు. సుధ స్టేషను దాకా వచ్చింది. రైల్లో కిటికీ పక్క చోటున్నా కూర్చోలేదు. తలుపు దగ్గర కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. ఆమె చెయ్యి ఊపింది. ఇతనికి ఊపడానికి ఎడమ చెయ్యి మిగిలింది, దాంతో కమ్మీ పట్టుకొని ఉన్నాడు.

గది తలుపు తీసే పెట్టుకొని పడుకునేవాడు. హోటల్లో బయటి బల్ల మీద తినేవాడు. ఎవరైనా పలకరిస్తే చెయ్యి చూసి అయ్యో అనేవాళ్ళు, చెయ్యి గురించే మాట్లాడి పోయేవాళ్ళు. అతను చెప్పాలనుకున్నది చెయ్యి గురించి కాదు.

మే నెలలో నారాయణ వచ్చి ఒక సంగతి చెప్పాడు. నీలం కారు తిప్పడానికి కొత్త మనిషిని పెట్టుకున్నారట. ఆడపిల్ల. పేరు అమృత. తలుపుల అనే ఊరి పిల్ల, హిందూపురంలో బడి వ్యాను నడుపుతుందట. రేపు ఆదివారం నుంచి వస్తుందట.

లోకేష్ చెప్పులేసుకొని బయలుదేరాడు.

మొదట ఇస్సాకు కొట్టుకు పోయాడు. ఆ పిల్ల ఎక్కేలోపు రివెట్లు తీసి పిన్నులు పెట్టమని అడిగాడు. ఇస్సాకు తల దించుకొని విన్నాడు. తనకూ ఆ రోజునుంచి మనసు బాగాలేదన్నాడు. కానీ కారు గిరిధర్ సారుది, ఆయన ఊ అంటే ఒక పూట పని, ఆయన అనకుండా తాను ముట్టుకోలేనన్నాడు. పిన్నులు పెడితే గడగడ అంటుంది, ఇస్సాకు పని చెడిందంటారని కూడా అన్నాడు. ఆ మాట అన్నాక తానే సిగ్గుపడ్డాడు.

గిరిధర్‌కు ఫోను చేశాడు. ఆయన ఓపికగానే మాట్లాడాడు, అదే ఒళ్ళు మండించేది. నీకు భయం పట్టుకుంది లోకేష్, అది సహజం, డాక్టరుకు చూపించుకో అన్నాడు. ఒక్కసారి జరిగిందని ఐదు కార్లు విప్పుతామా అన్నాడు. ఎవరూ చావలేదు కదా అన్నాడు.

ఇక మిగిలింది అమృత. శనివారం మధ్యాహ్నం వేసవి క్లాసుల పిల్లల్ని దింపేసి వ్యాను కడుగుతుంటే పోయి నిలబడ్డాడు. ఆమెకు ఇతనెవరో తెలుసు. నమస్తే లోకేషన్నా అని తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంది. ఇతను కిటికీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె మొహం మారుతూ వచ్చింది. చివరిదాకా విననేలేదు.

"అన్నా, ఒక మాటడుగుతా, ఏమనుకోవద్దు. నా జాగాలో మగోడు వచ్చింటే నువ్వు ఇంతదూరం వచ్చింటావా?"

"మగోడైనా ఆడదైనా కాలేది ఒకే మాదిరి కాల్తాదమ్మా."

"నీకు పోటీ ఇస్తామన్నారంట. ఇయ్యలేదంట. నాకూ ఇస్తామన్నారు. నాకిస్తే నీకు బాధగా ఉంటాది, అది నాకు అర్థమైతాది. గానీ నేను ఈ వ్యాను ఎన్నేండ్లు తోలాల? సుమ్నే, ఊరికే భయపెట్టద్దు."

లోకేష్ అసూయ లేదని చెప్పాలనుకున్నాడు. లేదని ఒట్టేయలేకపోయాడు. నీలం కారులో ఇంకొకరు కూర్చుంటారన్న మాట విన్నప్పుడు లోపల ఏదో కలుక్కుమన్న మాట నిజం. కానీ దానికీ రివెట్లకూ ఏం సంబంధం? అతని మనసు ఎట్లా ఉన్నా ఆ కిటికీ తెరుచుకోదు. ఆ మాట అనేలోపే ఆమె మళ్ళీ నీళ్ళ గొట్టం పట్టుకుంది.

ఆదివారం పది గంటల ఎండలో లోకేష్ ట్రాకు గేటు దాటి లోపలికి పోయాడు. కాపలావాడు పాత మనిషే కదా అని వదిలాడు. షెడ్డు ముందు గొడుగుల కింద దొరలు. నీలం కారు బయట నిలబెట్టి ఉంది. అమృత కొత్త టోపీ పట్టుకొని బొట్టు పెట్టించుకుంటోంది. నారాయణ జెండా భుజాన వేసుకొని నిలబడ్డాడు. లోకేష్ ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. తిన్నగా నారాయణ దగ్గరికి పోయాడు.

"మామా, నేను కార్లో కూచుంటా. తలుపు ఇరుక్కున్నాది అనుకో. కిటికీలోంచి నన్ను బయటికి తియ్. వీళ్ళందరూ చూడనీ."

నారాయణ వద్దబ్బా అనేలోపు లోకేష్ కారెక్కి తలుపు వేసుకున్నాడు. లోపలి అట్టలు పీకేశాక తలుపు లాక్కోవడానికి పట్టీ ఒకటే మిగిలింది. ఆ పట్టీని ఎడమచేత్తో, పళ్ళతో, బోల్తాపడినా కారు నలగకుండా లోపల బిగించిన ఇనప పంజరానికి ముడేశాడు. అవతలి తలుపుకూ అట్లాగే వేశాడు. వేసి చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

గిరిధర్ నవ్వుతూనే వచ్చాడు. గెస్టుల ముందర ఏందిది లోకేష్ అన్నాడు. లోకేష్ కిటికీ వైపు వేలు చూపించాడు. దొరలు కాఫీలు పట్టుకొని లేచి వచ్చారు. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు. కొట్టనీ చూద్దాం అని ఎవరో అన్నారు. నారాయణ సుత్తి తీశాడు. కొట్టాడు. సుత్తి ఎగిరొచ్చింది. ఒకడు నవ్వాడు. ఇంకొక దొర, కండలున్నవాడు, ఇలా ఇవ్వు అని సుత్తి తీసుకొని నాలుగు దెబ్బలు వేశాడు. ప్లాస్టిక్ మీద చిన్న తెల్ల చుక్కలు పడ్డాయి, అంతే. అతను సుత్తి తిప్పి చూసుకున్నాడు, లోపం దాంట్లో ఉన్నట్టు.

అక్కడితో అయిపోవాల్సింది. లోకేష్ అనుకున్నదీ అంతే. వాళ్ళు కొడతారు, పగలదు, తాను పట్టీ విప్పుకొని దిగుతాడు, ఇప్పుడు చెప్పండి అంటాడు. కానీ గిరిధర్‌కు పరువు పోతోందనిపించింది. తలుపు లాగండి, దించండి అన్నాడు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు పట్టుకొని లాగారు. లాగినకొద్దీ పట్టీ బిగిసింది, ముడి బిగిసింది.

లోపల లోకేష్ ముడి మీద చెయ్యి వేశాడు. రాయిలా ఉంది. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవు. ఎడమచేతి గోళ్ళతో గీరాడు. లాగడం ఆపితే వదులవుతుంది, వదలండి, వదలండి అని అరిచాడు. చేతులు ఊపాడు. బయటివాళ్ళకు గట్టిగా లాగమన్నట్టు కనిపించింది. ఇంకా గట్టిగా లాగారు.

మే నెల ఎండ. లోపల గాలి పెట్టే మిషన్ లేదు, బరువని పీకేశారు. కిటికీ దించే పిడి లేదు, బరువని పీకేశారు. చెమట చేతులు తగిలి ప్లాస్టిక్ మీద మసక పట్టింది. తుడిచాడు. మళ్ళీ పట్టింది. బయట జనం మసకగా కదులుతున్నారు. ఈసారి పొగ లేదు, మంట లేదు, కారు నాలుగు చక్రాల మీద నిలబడే ఉంది. చుట్టూ పాతికమంది. అయినా అదే చోటు. మార్చిలో ఉన్న చోటే. అక్కడికి ఎవరూ రాలేరు. సుధ గుర్తొచ్చిందట. గోడకు అటు పక్క ఆమె ఉన్నప్పుడు కూడా ఇట్లాగే ఉండిందనుకున్నాడట. మొహం కిటికీకి ఆనించి నోరు తెరిచాడు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళలో ఒకామె ఫోను దించేసింది.

నారాయణకు అప్పుడు అర్థమైంది. వాడు ఆటాడ్డం లేదప్పా అని కేకేసి గడ్డపార తేవడానికి ఉరికాడు. తెచ్చాడు. గిరిధర్ అడ్డం నిలబడ్డాడు. ఈ మాట ఆ పాతికమందీ విన్నారు, కాదంటే పేర్లతో సహా పిలిపించండి.

"గడ్డపార వద్దు. తలుపు మొన్ననే కొత్తగా వేయించినాను, సొట్టపోతాది. ఒక్క నిమిషం ఆగండి, వాడే దిగుతాడు."

అంతవరకు కదలకుండా నిలబడిన అమృత షెడ్డులోకి పోయి డ్రిల్లింగ్ మిషన్ తెచ్చింది. ఆమె ఎవరినీ అడగలేదు. కిటికీ చుట్టూ ఉన్న రివెట్ల తలలు ఒక్కొక్కటే తొలిచింది. ఒక్కో రివెట్టుకు మిషన్ గీపెట్టేది, వెండిపొట్టు ఆమె చేతుల మీద పడేది. జానెడుకు రెండు. లోపల లోకేష్ తల ఆ కిటికీకే ఆని ఉంది, కళ్ళు మూతపడుతున్నాయి. రివెట్లన్నీ పోయినా షీటు రాలేదు. ఇస్సాకు జిగురు అంత బాగా పట్టింది. నారాయణ చేనిలోంచి కొడవలి తెచ్చి జిగురు వెంబడి కోశాడు. షీటు ఊడి పడింది. లోపలినుంచి వచ్చిన వేడిగాలికి దగ్గరున్నవాళ్ళు మొహం తిప్పుకున్నారు.

అమృత చెయ్యి లోపల పెట్టి కొడవలితో పట్టీ కోసింది. లోకేష్‌ను దించి షెడ్డు నీడలో పడుకోబెట్టారు. అతను వాంతి చేసుకున్నాడు, బట్టలు తడిసి ఉన్నాయి. దొరలు రెండడుగులు వెనక్కి జరిగారు, తర్వాత గొడుగుల కిందికి పోయారు. నారాయణ నీళ్ళు పోశాడు. అమృత టోపీతో విసిరింది. చాలాసేపటికి లోకేష్ కళ్ళు తెరిచాడు.

"నువ్వెక్కద్దు" అన్నాడు.

"ఎక్కనన్నా" అంది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఇక్కడితో ఆపితే అందరూ మంచివాళ్ళైపోయారనుకుంటారు. అదే వారం గిరిధర్ నీలం కారుకు డ్రైవరు పక్క వల కట్టించాడు, ఫోటో తీయించి పెట్టుకున్నాడు. మిగతా నాలుగు కార్లు అట్లాగే ఉన్నాయి. వాటికి రివెట్లు ఇప్పటికీ మెరుస్తున్నాయి. అమృత బడి వ్యాను దగ్గరికే తిరిగి పోయింది. ఆమె జాగాలో ఇంకెవరినో మాట్లాడుతున్నారు. ఈ ప్రాంతం మనిషి కాదట, మనవాళ్ళు మాటలు ఎక్కువ చెబుతారట. లోకేష్‌ను గేటు లోపలికి రానివ్వొద్దని కాపలావాడికి గట్టిగా చెప్పారు. అతను పెనుకొండ గదిలో ఉంటున్నాడు. తలుపు తీసే ఉంటుంది. లోపలికి పోయేవాళ్ళే తక్కువ. పోయినవాళ్ళు పిచ్చి పట్టిందంటారు. ముడేసుకున్నది వాడే కదా అంటారు. అవును, పట్టీ ముడేసుకున్నది వాడే. కిటికీ ముడేసింది ఎవరు?

కాబట్టి గిరిధర్ గారూ, దొరలూ, వినండి. బతిమాలడం లేదు. వచ్చే ఆదివారం దాకా కాదు, ఇప్పుడే ఆ నాలుగు కార్లు బయటికి తీయండి. రివెట్లు తొలిపించండి. ఇస్సాకుకు మీరే ఫోను చేసి చెప్పండి, గడగడ అన్నా ఫరవాలేదు, దుమ్ము వచ్చినా ఫరవాలేదు, ఒక్క గుంజుకు ఊడి రావాలని చెప్పండి. డ్రైవరు పక్క ప్లాస్టిక్ వేయనే వద్దు. జెండాలు పట్టే రైతుల చేతిలో ఆ ఎర్ర సుత్తులు లాగేసుకోండి, కోసే కత్తులు, గడ్డపారలు ఇవ్వండి. మలుపు మలుపుకూ ఇవ్వండి. వాళ్ళకు తుక్కు కారు మీద కాదు, తిరిగే కారు మీద నేర్పండి. మొదట లోపల కూర్చోవలసింది మీరు, గిరిధర్ గారూ. తలుపులు కట్టించుకొని, మే ఎండలో, మీరు కూర్చోండి. నారాయణ మిమ్మల్ని కిటికీలోంచి బయటికి తీసినాక, లోకేష్‌ను గేటు దగ్గరికి పోయి మీరే పిలుచుకొని వచ్చి, అతను ఒక్కో కిటికీ చేత్తో గుంజి చూసి సరే అన్నాకే ఇంజను స్టార్టు చేయండి. అంతదాకా ఆ తారు మీద ఒక్క చక్రం తిరగడానికి వీల్లేదు.